అద్దె షాపుకు ఓనరు తాళం వేస్తే: మొదటి గంట నుంచి కోర్టు ఆర్డర్ దాకా ఏం చేయాలి

పొద్దున్నే వెళ్లేసరికి షట్టర్‌కు మీ తాళం పక్కన ఇంకో తాళం వేలాడుతుంటే ఎవరికైనా రక్తం మరుగుతుంది. లోపల అప్పు తెచ్చి కొన్న సరుకు ఉంటుంది. హోల్‌సేల్ వాళ్లకిచ్చిన చెక్కు రేపో ఎల్లుండో బ్యాంకుకు వస్తుంది. అయినా సరే, ఆ తాళం మీద చెయ్యి వేయకండి. దాన్ని పగలగొడితే అప్పటిదాకా బాధితులుగా ఉన్న మీరు ఓనరు పెట్టే కేసులో నిందితులవుతారు. చట్టం మీకు గట్టి రక్షణే ఇస్తోంది. కాకపోతే దానికి గడువులున్నాయి, కాగితాలు కావాలి, ఒక వరస ఉంది. చిన్న షాపులవాళ్లు ఈ గొడవల్లో ఓడిపోయేది ఎక్కువగా ఆ వరస తెలియకే.

ముందు అసలు సూత్రం అర్థం చేసుకోండి. అద్దెకున్న మనిషిని ఖాళీ చేయించాలంటే ఓనరు కోర్టుకు వెళ్లాల్సిందే. గడువు అయిపోయినా, అద్దె బాకీ ఉన్నా, ఒప్పందంలో ఏం రాసుకున్నా బలవంతంగా బయటికి పంపే హక్కు ఆయనకు లేదు. సుప్రీంకోర్టు 1960ల్లో లల్లూ యశ్వంత్ సింగ్ కేసులోనే ఈ సంగతి స్పష్టం చేసింది. 1989లో కృష్ణారామ్ మహాలే కేసు ఒక రెస్టారెంట్ గురించి. అక్కడ గడువు ముగిసిపోయి ఉన్నా, స్థిరంగా స్వాధీనంలో ఉన్న మనిషిని కోర్టు ద్వారా తప్ప తీయకూడదని చెప్పింది. 2003లో రామే గౌడ కేసులోనూ అదే మాట.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం మీకు మేలు చేయదు. చట్టం కాపాడేది మీ స్వాధీనాన్ని, అదీ ఓనరు పద్ధతి ప్రకారం రానంతవరకే. ఆయన నోటీసు ఇచ్చి, దావా వేసి, డిక్రీ (కోర్టు తీర్పు మేరకు వచ్చే ఆదేశం) తెచ్చుకుంటే షాపు వదలాల్సిందే. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నా, ఆ వీధిలో మీ పేరు మీదే షాపు నడుస్తున్నా అద్దెదారు ఓనరు కాలేరు. అందుకే గొడవ మొదలైనప్పుడు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: నాకు కావలసింది షాపు శాశ్వతంగానా, లేక మర్యాదగా మారడానికి సమయం, అడ్వాన్సు, సరుకూనా? జవాబును బట్టి ఖర్చు, కేసు, రాజీ అన్నీ మారిపోతాయి.

మీ షాపుకు ఏ చట్టం వర్తిస్తుంది

లాయర్ దగ్గరికి వెళ్లేముందే ఇది తేల్చుకుంటే సగం గందరగోళం పోతుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పటికీ ఉంది. అందరూ రెంట్ కంట్రోల్ అనేది దాన్నే. కానీ మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటినా, మిగతా చోట్ల 2,000 దాటినా ఆ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాద్‌లో 3,500కి షాపు దొరికే మాటే లేదు. పాతబస్తీలోనో, పాత బజార్లలోనో తాతల నాడు తీసుకున్న మడిగెలకే అది మిగిలింది. అలాంటి షాపు మీదైతే ఆ రక్షణ చాలా విలువైనది. అద్దె ఎగ్గొట్టడం, ఓనరు ఒప్పుకోకుండా వేరేవాళ్లకు ఇవ్వడం, నాలుగు నెలలపాటు సరైన కారణం లేకుండా షాపు మూసేయడం, ఓనరుకు నిజంగా సొంత వ్యాపారానికి అవసరం పడటం లాంటి చట్టంలో చెప్పిన కారణాలు చూపితే తప్ప మిమ్మల్ని ఖాళీ చేయించలేరు. కేసు రెంట్ కంట్రోలర్ దగ్గర నడుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు, షాపులకు కలిపి 2017లో వేరే అద్దె చట్టం చేశారు. అక్కడి షాపయితే మీ లాయర్‌ను మొదట అడగాల్సింది ఇదే: నా కేసు ఏ చట్టం కింద, ఎవరి ముందు నడుస్తుంది?

రెంట్ కంట్రోల్ కిందికి రాని తెలంగాణ షాపులన్నీ, అంటే దాదాపు అన్నీ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తాయి. దాంట్లో నెలనెలా అద్దె కట్టే షాపును ఖాళీ చేయించడానికి ఓనరు కారణం చెప్పనక్కర్లేదు. సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసు ఇస్తే చాలు. ఆ 15 రోజులు దాటగానే తాళం వేయొచ్చని చాలామంది ఓనర్లు అనుకుంటారు. అది తప్పు. నోటీసు గడువు దాటితే దావా వేసే హక్కు వస్తుంది, అంతే.

ఇక అగ్రిమెంట్. ఏడాది మించిన లీజు రిజిస్టర్ అయి ఉండాలి. మూడేళ్లకని వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని నోటరీ చేయించుకుంటే, ఆ మూడేళ్ల హామీ కోర్టులో నిలబడదు, మిమ్మల్ని నెలవారీ అద్దెదారుగానే చూస్తారు. షాపులో ఏసీలకు, ర్యాకులకు, ఫ్లోరింగ్‌కు లక్షలు పోసేవాళ్లు రిజిస్ట్రేషన్ ఖర్చు దగ్గర వెనకాడటం చూస్తే బాధేస్తుంది. ఆ ఖర్చు పెట్టండి. ఇన్నేళ్లదాకా ఖాళీ చేయమని అడగకూడదన్న లాక్-ఇన్ షరతు కూడా అందులోనే రాయించుకోండి.

గొడవ రాకముందే చేతిలో ఉండాల్సిన కాగితాలు

కోర్టులో జడ్జి ముందు చూసేది ఎవరు మంచివాళ్లన్నది కాదు, ఫలానా తేదీన ఆ షాపు ఎవరి స్వాధీనంలో ఉందన్నది. ఓనరు వచ్చి "ఈయన పోయిన నెలే ఖాళీ చేసి తాళాలిచ్చేశాడు" అంటారు. చాలా కేసుల్లో వినిపించే మాట అది. దాన్ని తిప్పికొట్టే కాగితాలు రోజూ మీ చేతుల మీదుగానే పోతుంటాయి, కాకపోతే ఎవరూ దాచుకోరు.

అద్దె ఎప్పుడూ బ్యాంకు ద్వారానో, యూపీఐలోనో కట్టండి. రిమార్కు దగ్గర "జూన్ అద్దె, షాపు నంబర్ 4" అని రాయండి. నగదే కావాలని ఓనరు పట్టుబడితే రసీదు అడగండి. అది కూడా ఇవ్వకపోతే డబ్బిచ్చిన వెంటనే "ఇవాళ జూన్ అద్దె ఇన్ని వేలు మీ చేతికిచ్చాను" అని వాట్సాప్‌లో పెట్టండి. ఆయన జవాబివ్వకపోయినా ఆ రోజు తేదీతో ఒక రికార్డు మిగులుతుంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకునేటప్పుడు ఓనరు సంతకంతో సమ్మతి పత్రం పెట్టి ఉంటారు. దాని కాపీ తప్పకుండా దాచండి. "ఈయన నా అద్దెదారే కాదు" అనే ఓనరుకు అంతకంటే గట్టి జవాబు ఉండదు. ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖ రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఆ డోర్ నంబర్‌కు సరుకు దింపిన ఇన్‌వాయిస్‌లు, కార్డ్ మెషీన్ స్టేట్‌మెంట్లు, అద్దె మీద టీడీఎస్ కట్టి ఉంటే ఆ ఫారాలు, ఇవన్నీ నెల నెలా మీరు అక్కడ వ్యాపారం చేస్తున్నారని చెబుతాయి. అన్నిటిలో డోర్ నంబర్ ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పాత నంబరు ఒక దాంట్లో, కొత్త నంబరు ఇంకో దాంట్లో ఉంటే అవతలి లాయర్ దాన్నే పట్టుకుని నెలలు లాగుతారు.

సీసీటీవీ ఉంటే రికార్డింగ్ షాపులోని డబ్బాలో మాత్రమే ఉండకుండా ఫోన్‌కో, క్లౌడ్‌కో వచ్చేలా పెట్టించుకోండి. షాపుకు తాళం పడితే ఆ డబ్బా కూడా లోపలే ఉండిపోతుంది. ఇలాంటి వీడియోలు, చాట్‌లు కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63 కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే వీడియో ఏ ఫోన్‌లో తీశారో ఆ ఫోన్ అమ్మేయకండి.

నెలకోసారి స్టాకు లిస్టు తీసి షాపు బయట ఎక్కడైనా పెట్టుకోండి. తాళం పడ్డాక లోపల ఎంత సరుకుందని అడిగితే నోటిమాటగా చెప్పిన లెక్క ఎవరూ నమ్మరు.

అద్దె తీసుకోవడం మానేశారా? అదే మొదటి సైరన్

ఓనరు ఉన్నట్టుండి అద్దె వద్దంటే అది ఔదార్యం కాదు. రెండు మూడు నెలలు పోయాక "అద్దె ఎగ్గొట్టాడు" అనడానికి వేసే పునాది. మొహమాటపడి ఊరుకోకండి.

రెంట్ కంట్రోల్ కింద ఉన్న షాపయితే చట్టంలోనే దారి ఉంది. అద్దె ఏ బ్యాంకులో వేయాలో పది రోజుల్లో చెప్పమని ఓనరుకు నోటీసు పంపండి. చెబితే అందులో వేయండి. చెప్పకపోతే కమిషన్ మినహాయించుకుని మనీ ఆర్డర్ చేయండి. అదీ తిప్పి పంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయండి. ఈ వరస తప్పకూడదు. అద్దెకు గడువు కూడా గుర్తుంచుకోండి: ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ తర్వాత 15 రోజుల్లోపు, లేకపోతే తర్వాతి నెల ఆఖరి రోజులోపు కట్టేయాలి. మిగతా షాపులవాళ్లు ఓనరు బ్యాంకు ఖాతాలో వేసేయండి. ఖాతా నంబరు తెలియకపోతే చెక్కునో, డీడీనో రిజిస్టర్డ్ పోస్టులో (2025 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది) పంపి, తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే దాచండి.

నోటీసు వచ్చినా అంతే. లాయర్ నోటీసుకు జవాబివ్వకుండా వదిలేస్తే, అందులో రాసిన అబద్ధాలన్నిటికీ మీరు మౌనంగా తలూపినట్టు తర్వాత వాదిస్తారు. చిన్నదైనా జవాబు పంపండి.

బెదిరింపులు మొదలైతే, కరెంటు తీసేయడం, షాపు ముందు కంకర పోయించడం, మనుషుల్ని పంపడం లాంటివి జరిగితే తాళం పడేదాకా ఆగకండి. ఆ దశలోనే సివిల్ కోర్టులో శాశ్వత ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) దావా, దానితోపాటు తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయాలి. స్వాధీనం మీ చేతిలో ఉన్నప్పుడు ఇంజంక్షన్ దావా ఒక్కటే సరిపోతుంది. స్వాధీనం పోయాక కేవలం ఇంజంక్షన్ అడిగితే సరిపోదు, స్వాధీనం తిరిగి ఇప్పించమని అడగాలి. వరంగల్ మట్టెవాడ స్థలాల తగాదాలో, అనంతుల సుధాకర్ కేసుగా పేరుపడ్డ దాంట్లో, 2008లో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరచి చెప్పింది. ఒక్క రోజు తేడాతో మీ దావా రూపమే మారిపోతుంది కాబట్టి బెదిరింపు దశను తేలిగ్గా తీసుకోవద్దు.

ఈ దశలో మూడు పనులు మాత్రం అస్సలు చేయకండి. రంగులు వేయిస్తానని, రిపేర్ చేయిస్తానని అడిగినా తాళాలు ఓనరు చేతికివ్వకండి, మీరే దగ్గరుండి తెరవండి. పెద్దమనుషుల పంచాయితీలో గానీ, పోలీస్ స్టేషన్‌లో గానీ ఖాళీ కాగితం మీద, "ఫలానా తేదీకి ఖాళీ చేస్తాను" అనే కాగితం మీద సంతకం పెట్టకండి. ఊరికి వెళ్తూ షాపును బావమరిదికో, స్నేహితుడికో పూర్తిగా అప్పగించకండి. వేరేవాళ్లకు ఇచ్చేశారన్న ఆరోపణ అక్కడి నుంచే పుడుతుంది.

తాళం పడింది. ఇప్పుడు?

మొదటి గంటలో ఫొటోలు, వీడియో తీయండి. కొత్త తాళం, మీ తాళం, బోర్డు, పక్క షాపులు ఒకే ఫ్రేములో కనబడాలి. బోర్డు పీకేసి ఉంటే ఆ గుర్తులు కూడా తీయండి. పక్క షాపులవాళ్లతో మాట్లాడి, ఎవరు ఎప్పుడు వచ్చి తాళం వేశారో చూసినవాళ్ల పేర్లు రాసుకోండి. వీధిలో కెమెరాలు ఎవరివి ఉన్నాయో గమనించి ఆ రోజే ఫుటేజీ అడగండి. కొన్ని రోజులకు దాని మీద కొత్త రికార్డింగ్ పడిపోతుంది.

వెంటనే 112కి ఫోన్ చేయండి. ఆ కాల్‌కు సమయం, తేదీతో రికార్డు ఉంటుంది. తర్వాత స్టేషన్‌కు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. ఎవరి షాపో తేల్చే అధికారం పోలీసులకు లేదు, తాళం తీసి మీకివ్వమని వాళ్లను అడిగినా లాభం లేదు. అందుకే ఫిర్యాదులో అద్దె కథంతా రాయకండి. నేరంలా కనిపించే సంఘటనలే రాయండి: తాళం పగలగొట్టారు, సరుకు తీసుకెళ్లారు, చంపుతామన్నారు, నన్ను లోపలికి వెళ్లనీయలేదు. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, దొంగతనం, అక్రమ ప్రవేశం, బెదిరింపు దాని కింద నేరాలు. ఎఫ్ఐఆర్ కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి, నగరమైతే కమిషనర్ ఆఫీసుకు పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. ఎఫ్ఐఆర్ అయినా కాకపోయినా, ఫలానా తేదీన మీరు ఫిర్యాదు చేశారన్న ఆ స్టాంపు సివిల్ కోర్టులో చాలా పనికొస్తుంది.

అదే రోజు ఓనరుకు వాట్సాప్, ఈమెయిల్, స్పీడ్ పోస్టు మూడు దారుల్లోనూ ఒకే మాట పంపండి: నా అనుమతి లేకుండా ఈ తేదీన తాళం వేశారు, లోపల నా సరుకు ఉంది, తాళం తీయండి. తిట్లు, శాపనార్థాలు వద్దు. ఆ మెసేజ్‌ను రేపు జడ్జి చదువుతారు.

తర్వాత లాయర్. ఇక్కడ మీకు తెలిసి ఉండాల్సిన ఆయుధం నిర్దిష్ట ఉపశమన చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్), 1963 లోని సెక్షన్ 6. ఒప్పుకోలు లేకుండా, కోర్టు ద్వారా కాకుండా స్వాధీనం పోగొట్టుకున్న మనిషి ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఆస్తి ఎవరిదన్న ప్రశ్నలోకి వెళ్లకుండానే స్వాధీనం తిరిగి ఇప్పించవచ్చు. ఓనరు "ఇది నా బిల్డింగ్" అని ఎన్ని దస్తావేజులు చూపినా ఈ దావాలో పనికిరావు. కోర్టు అడిగేది రెండే: ఆరు నెలల్లోపు ఈయన స్వాధీనంలో ఉన్నాడా? చట్టబద్ధంగా కాకుండా బయటికి పంపారా? దీంట్లో వచ్చిన డిక్రీ మీద అప్పీలు లేదు, రివ్యూ కూడా లేదు, హైకోర్టుకు రివిజన్ ఒక్కటే దారి. ఓడిన ఓనరు కావాలంటే వేరుగా హక్కు దావా వేసుకోవచ్చు. ఇది ప్రభుత్వం మీద మాత్రం వేయలేరు.

ఆరు నెలలన్నది కచ్చితమైన గడువు. రాజీ మాటలతో, "పండగ అయ్యాక చూద్దాం" అన్న మాటలతో అది కరిగిపోతుంది. దాటినా పాత స్వాధీనం ఆధారంగా 12 ఏళ్లలోపు దావా వేసే దారి ఉంది కానీ, అందులో ఓనరు తన హక్కు గురించి పూర్తిగా వాదించుకోవచ్చు, మీ బలం చాలా తగ్గిపోతుంది. రాజీ మాట్లాడుకోండి, తప్పులేదు. కానీ క్యాలెండర్‌లో తేదీ గుర్తు పెట్టుకుని దావా కాగితాలు మరోపక్క సిద్ధం చేయించండి.

దావాతోపాటు వేయాల్సిన పిటిషన్లు

చాలామంది దావా వేసి ఊరుకుంటారు. దావా తేలేసరికి ఏళ్లు పడుతుంది, ఈలోగా సరుకు పాడైపోతుంది. అసలు ఊరట మధ్యంతర పిటిషన్లలోనే ఉంది.

మొదటిది తాత్కాలిక ఇంజంక్షన్, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 39. షాపును ఇంకెవరికీ అద్దెకివ్వకుండా, అమ్మకుండా, లోపల మార్పులు చేయకుండా ఆపమని అడగండి. ఆలస్యమైతే నష్టం జరుగుతుందని నమ్మితే కోర్టు అవతలివారికి నోటీసు ఇవ్వకుండానే ఉత్తర్వు ఇవ్వొచ్చు. అలా ఇచ్చినప్పుడు ఒక చిన్న పని మరిచిపోవద్దు: దావా, అఫిడవిట్, డాక్యుమెంట్ల కాపీలు అదే రోజు లేదా మరుసటి రోజే ఓనరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఇది చేయకపోవడం వల్లే మంచి ఉత్తర్వులు కొట్టుకుపోతుంటాయి. మీ లాయర్‌ను గుర్తుచేయడానికి మొహమాటపడకండి.

రెండోది అడ్వకేట్ కమిషనర్. కోర్టు ఒక లాయర్‌ను కమిషనర్‌గా పంపితే ఆయన షాపు దగ్గరికొచ్చి, తాళం తీయించి, లోపల ఏముందో లిస్టు రాసి, ఫొటోలతో కోర్టుకు నివేదిక ఇస్తారు. నా ఉద్దేశంలో షాపు కేసుల్లో అన్నిటికంటే విలువైన పిటిషన్ ఇదే. దీంతో సరుకు గురించి తర్వాత వచ్చే సగం అబద్ధాలు పుట్టకుండానే పోతాయి. మందుల షాపో, బేకరీయో, పూల కొట్టో అయితే పాడైపోయే సరుకు సంగతి ప్రత్యేకంగా రాసి, దాన్ని తీసుకోవడానికి అనుమతి అడగండి.

మూడోది తాళం తీయించమనే తాత్కాలిక ఆదేశం. ఇది అంత సులువుగా రాదు. తాళం పడటానికి ముందురోజు దాకా మీరే వ్యాపారం చేస్తున్నారని కాగితాలు నిస్సందేహంగా చూపితేనే ఇస్తారు. పైన చెప్పిన ఇన్‌వాయిస్‌లు, కార్డ్ మెషీన్ లెక్కలు ఇక్కడే అక్కరకొస్తాయి.

ఉత్తర్వు వచ్చాక కూడా ఓనరు వినకపోతే ఆర్డర్ 39 రూల్ 2-ఏ కింద పిటిషన్ వేయొచ్చు. కోర్టు ఆయన ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలుకు పంపొచ్చు. ఉత్తర్వు అమలుకు పోలీసు రక్షణ కూడా అడగొచ్చు, ముందు సివిల్ మ్యాటర్ అన్న పోలీసులే అప్పుడు కోర్టు ఆదేశంతో మీ వెంట వస్తారు.

మీ లాయర్ ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పే పద్ధతి) షరతు ఉంటే, 2020 విద్యా ద్రోలియా తీర్పు తర్వాత మామూలు అద్దె తగాదాలు ఆర్బిట్రేటర్ ముందుకు వెళ్లొచ్చు, రెంట్ కంట్రోల్ కేసులు మాత్రం వెళ్లవు. వ్యాపారానికే వాడే షాపు కాబట్టి కేసు విలువ మూడు లక్షలకు తగ్గకపోతే కమర్షియల్ కోర్టు పరిధిలోకి రావొచ్చు. అక్కడ అత్యవసర ఉత్తర్వు అడగని దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. తప్పు కోర్టులో వేస్తే మీ ఆరు నెలలు కరిగిపోతాయి.

ఓనరు కోర్టుకు వెళ్లి మీకు తెలియకుండా ఏదో ఉత్తర్వు తెస్తారన్న టెన్షన్ ఉంటే కేవియట్ (నాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే పెట్టుకునే అర్జీ) వేయండి. అది 90 రోజులు పనిచేస్తుంది, మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు.

లాయర్ ఫీజు కట్టలేని పరిస్థితా? జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. టైలరింగ్ షాపులు, బ్యూటీ పార్లర్లు నడిపే ఎందరో ఆడవాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిసినవాళ్లు వాళ్లకు చెప్పాలి.

కొంచెం వేరుగా ఉండే కేసులు

బిల్డింగ్ అమ్మేశారని కొత్త ఓనరు వచ్చి రేపే ఖాళీ చేయమంటే భయపడకండి. ఆయన పాత ఓనరు స్థానంలోకి వచ్చాడంతే, మీ అద్దె హక్కు అలాగే ఉంటుంది. కాకపోతే సేల్ డీడ్ కాపీ చూసి, రాతపూర్వకంగా అడిగి, ఇక నుంచి అద్దె ఆయనకే కట్టండి. ఓనరు చనిపోయి అన్నదమ్ములు నాకంటే నాకని అద్దె అడిగితే, అందరికీ కలిపి లేఖ రాసి, ఎవరికివ్వాలో తేల్చి చెప్పమని అడగండి. ఒక్కరి మాట నమ్మి మొత్తం నగదుగా ఇచ్చేయకండి.

మాల్‌లో స్టాల్, హాస్పిటల్ లోపల మెడికల్ కౌంటర్ లాంటివి లీజు కాకుండా లైసెన్సు అని రాయిస్తారు. పేరు కన్నా అసలు ఏం జరుగుతోందో చూడాలని 1959లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌లో హెయిర్ డ్రెస్సర్‌కు ఇచ్చిన గదుల గురించిన కేసు అది. కాగితం మీద లైసెన్సు అని ఉన్నా, ఆ గదులు పూర్తిగా అతని స్వాధీనంలోనే ఉన్నాయి కాబట్టి లీజే అని తేల్చింది. మీ జాగాకు తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నది పెద్ద ప్రశ్న.

గుడి మడిగెలు, మున్సిపల్ కాంప్లెక్సులు, వక్ఫ్ షాపుల దారి వేరు. వాటికి సొంత చట్టాలు, వేలం నిబంధనలు ఉన్నాయి. ఆ కేసులు చేసిన లాయర్ దగ్గరికే వెళ్లండి.

మీరు ఓనరైతే

అద్దె రాక, షాపు వదలక ఇబ్బంది పడే ఓనర్లు కూడా ఉన్నారు. వాళ్లలో పింఛనుకు బదులు ఆ అద్దె మీదే బతికే ముసలివాళ్లు ఉన్నారు. వాళ్ల బాధా నిజమే. తాళం వేయడం వల్ల ఆ బాధ తీరదు, కేసు తలకిందులవుతుంది. సరైన దారి: రిజిస్టర్డ్ పోస్టులో 15 రోజుల నోటీసు, తర్వాత ఖాళీ చేయించే దావా, దాంట్లోనే బాకీ అద్దె, నోటీసు గడువు దాటినప్పటి నుంచి మార్కెట్ అద్దె లెక్కన నష్టపరిహారం. నోటీసు తర్వాత అద్దె తీసుకుంటే, హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నానని రాసి తీసుకోండి. కేసు నడుస్తుండగా అద్దెదారు డబ్బు కట్టకపోతే ఆర్డర్ 15-ఏ కింద అడిగి డిపాజిట్ చేయించొచ్చు, కట్టకపోతే అతని వాదనే కొట్టేయించొచ్చు.

డిక్రీ వచ్చాక అప్పీలు పేరుతో ఏళ్లు లాగుతారన్న భయానికీ జవాబుంది. 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో, ఢిల్లీ కన్నాట్ సర్కస్‌లో నెలకు 371 రూపాయల 90 పైసల అద్దెకున్న వ్యాపార స్థలానికి, అప్పీలు తేలేదాకా నెలకు 15,000 కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. స్టే, అంటే డిక్రీ అమలును ఆపే ఉత్తర్వు, ఊరికే రాదు. అద్దెదారులు కూడా ఈ అంకె గుర్తుంచుకోవాలి: అప్పీల్లో గడిపే ప్రతి నెలా మార్కెట్ అద్దె మీటర్ తిరుగుతుంటుంది. డిక్రీ చేతికొచ్చినా షాపు ఖాళీ చేయించాల్సింది కోర్టు ఆదేశాలు అమలు చేసే ఉద్యోగి అమీనే, మీరు కాదు.

రాజీ కుదిరితే

షాపు కేసుల్లో చాలావాటికి మంచి ముగింపు రాజీయే, ముఖ్యంగా ఓనరు డిక్రీ తెచ్చుకునే అవకాశం కనిపిస్తున్నప్పుడు. ఖాళీ చేయడానికి ఆరు నెలల గడువు, పూర్తి అడ్వాన్సు, బాకీ అద్దెలో కొంత మాఫీ, ఫిట్టింగులు తీసుకెళ్లే హక్కు, ఇవి ఏళ్ల తరబడి వాయిదాలకంటే వ్యాపారికి మేలు. కానీ రాజీని టీ కొట్టు దగ్గర మాటతో వదిలేయకండి. కేసు నడుస్తుంటే కోర్టులో రాజీ డిక్రీగా రాయించుకోండి, కేసు లేకపోతే లోక్ అదాలత్‌లో పెట్టించండి. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, మాట తప్పితే డిక్రీలాగే అమలు చేయించుకోవచ్చు. అందులో అడ్వాన్సు ఏ తేదీన, ఏ ఖాతాలోకి వస్తుందో, తాళాలు దానికి ముందా తర్వాతా ఇవ్వాలో, పోలీసు ఫిర్యాదులు ఎవరు ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో, చివరి కరెంటు బిల్లు ఎవరిదో ఒక్కొక్కటీ రాయించండి. జీఎస్టీలో, ట్రేడ్ లైసెన్సులో చిరునామా మార్చుకోవడానికి ఒక నెల అడగండి. తాళాలు అప్పగించే రోజున ఖాళీ షాపు వీడియో తీసి, తాళాలు ముట్టినట్టు ఓనరు సంతకం తీసుకున్నాకే బయటికి రండి.